రక్తంలో తిరిగే ఆర్‌ఎన్‌ఏ చూసి క్యాన్సర్ ఉందో లేదో చెప్పగలరా?

మీరు ఒకే ప్రశ్నగా రాశారు గానీ అందులో మూడున్నాయి. జన్యువుల నుంచి కణం తీసుకునే నకలైన ఆర్‌ఎన్‌ఏ కణం లోపలే ఉండాల్సింది, అది రక్తంలోకి ఎలా వస్తుంది, వచ్చినా చితికిపోకుండా ఎలా నిలుస్తుంది అన్నది మొదటిది. క్యాన్సర్ కణాలు దాన్ని పంపించి చుట్టుపక్కల కణాలను తమ దారికి తెచ్చుకుంటాయని చదివారు, అది రుజువైన సంగతేనా అన్నది రెండోది. మీ మేనమామగారు చెకప్‌తో పాటు చేయించుకున్న రక్తపరీక్షలో 'మిర్-21 ఎక్కువ' అని వచ్చింది (మిర్-21 ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ), ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు, ఏం చేయాలి అన్నది మూడోది.

నేను డాక్టర్ని కాను. ప్లాస్మాలోంచి, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవంలోంచి, ఆర్‌ఎన్‌ఏ తీసి, కొలిచి, సీక్వెన్స్ చేసే (అక్షరాల వరస చదివే) పనిలో చాలాకాలంగా ఉన్నాను. మూడో ప్రశ్నకు చిన్న జవాబు ఇప్పుడే చెప్పేస్తాను, ముందు అది ఇంట్లోవాళ్లకు చెప్పండి: ఆ ఒక్క అంకెను పట్టుకుని క్యాన్సర్ ఉందని అనడానికి వీల్లేదు, లేదని అనడానికీ వీల్లేదు. ఎందుకలా అన్నది అర్థం కావాలంటే మాత్రం మిగతా రెండు ప్రశ్నల గుండా వెళ్లాల్సిందే.

రక్తంలో న్యూక్లియిక్ ఆమ్లాలు (డీఎన్ఏ, ఆర్‌ఎన్‌ఏ) ఉంటాయన్నది కొత్త వార్త కాదు. మాండెల్, మెటే అనే ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు 1948లోనే మనిషి ప్లాస్మాలో వాటిని చూశారు. డీఎన్ఏ రెండు పేటల మెలిక అని తెలిసింది ఆ తర్వాత ఐదేళ్లకు. అప్పట్లో ఆ పేపరును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆర్‌ఎన్‌ఏ సంగతైతే మరీను. రక్తంలో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు ఎప్పుడూ ఉంటాయి, వాటిని రైబోన్యూక్లియేజులు అంటాం. రక్తనాళాల లోపలి గోడ కణాలే వాటిని వదులుతుంటాయి. హాంకాంగ్ పరిశోధకుడు డెనిస్ లో (Lo) బృందం 2002లో ఒక సులువైన ప్రయోగం చేసింది. కణాల నుంచి శుద్ధి చేసిన ఆర్‌ఎన్‌ఏను ప్లాస్మాలో కలిపి చూస్తే, 15 సెకన్లకే దాదాపు మొత్తం పోయింది. కానీ అదే ప్లాస్మాలో సహజంగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రం గంటల తరబడి నిలిచింది.

అంటే రక్తంలో మనకు దొరికే ఆర్‌ఎన్‌ఏ ఏదీ ఒంటరిగా లేదు. దేనిలోనో, దేనికో అంటుకునో ఉంది. ఈ రంగంలో సగం గొడవలు ఆ 'దేనిలో' అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. నా మటుకు నాకు, ఏ ఆర్‌ఎన్‌ఏ దొరికింది అన్నదాని కంటే అది ఏ కణం నుంచి వచ్చింది, ఏ రక్షణలో ఉంది అన్నదే అసలు సంగతి. దీని మీద ఏ పేపరు చదివినా, ఏ రిపోర్టు చూసినా ముందు అదే వెతుకుతాను.

ఎక్కువమంది విన్నది ఎక్సోసోముల గురించి. ఇవి కణం బయటికి వదిలే చిన్న కొవ్వుపొర బుడగలు, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. కణం లోపలే ఒక సంచిలో తయారై, ఆ సంచి బయటి పొరతో కలిసినప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి. 1980లలో ముదిరే ఎర్ర రక్తకణాలు తమకు అక్కర్లేని ప్రోటీన్లను ఎలా వదిలించుకుంటాయో చూస్తున్నప్పుడు ఇవి బయటపడ్డాయి. ఆ పేరు స్థిరపడింది కెనడాకు చెందిన రోజ్ జాన్‌స్టన్ పరిశోధనలతో. చాలా ఏళ్లపాటు ఇవి కణం చెత్తబుట్ట అనే అనుకున్నారు. ఇవి కాక బయటి పొర నుంచే నేరుగా తెగి వచ్చే పెద్ద బుడగలు ఉన్నాయి, చనిపోతున్న కణాల నుంచి విడిపోయే ముద్దలున్నాయి.

బుడగలతో పని లేకుండా ప్రోటీనుకు అంటుకుని తిరిగే ఆర్‌ఎన్‌ఏ ఇంకా ఎక్కువ. 2011లో మునీష్ తివారీ ల్యాబ్ నుంచి అరోయో వాళ్లు ఒక పేపరు వేశారు. ప్లాస్మాలోని మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో చాలా భాగం ఎక్సోసోముల్లో లేనే లేదు, ఆర్గొనాట్-2 అనే ప్రోటీనుతో కలిసి తిరుగుతోందని అందులో చూపించారు. అదే ఏడాది 'మంచి కొలెస్ట్రాల్' అని మనం పిలిచే హెచ్‌డీఎల్ రేణువులు కూడా మైక్రోఆర్‌ఎన్‌ఏలను మోస్తాయని ఇంకో బృందం చెప్పింది. ఇటీవల ఎక్సోమియర్లు, సూపర్‌మియర్లు అనే పొర లేని చిన్న రేణువులు కూడా జాబితాలో చేరాయి. వీటిలో సూపర్‌మియర్లను 2021లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కోఫీ బృందం వర్ణించింది. వాళ్లు చూసిన కణాల్లో బయటికొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో పెద్ద వాటా వీటిదేనట.

మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ అది, 'మిర్' అని మొదలయ్యే పేర్లు వీటివే. తనకు సరిపోయే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను (ప్రోటీన్ తయారీకి జన్యువు సూచనను మోసేదాన్ని) పట్టుకుని దాని నుంచి ప్రోటీన్ తయారు కాకుండా అణిచిపెడుతుంది. 1993లో ఒక చిన్న పురుగులో దీన్ని మొదట కనిపెట్టిన పరిశోధనకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే నిజమూ, ఉత్సాహమూ బాగా కలిసిపోయింది ఇక్కడే.

మలుపు తిప్పింది 2007. స్వీడన్‌లో యాన్ లోట్వాల్ బృందం, హాదీ వలాదీ మొదటి రచయితగా, మాస్ట్ కణాల (అలర్జీలో పాల్గొనే రోగనిరోధక కణాల) ఎక్సోసోముల్లో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, మైక్రోఆర్‌ఎన్‌ఏ రెండూ ఉన్నాయని చూపించింది. అంతటితో ఆగలేదు. ఎలుక కణాల ఎక్సోసోములను మనిషి కణాలకు ఇస్తే, మనిషి కణాల్లో ఎలుక ప్రోటీన్లు తయారయ్యాయి. అంటే బుడగలో వెళ్లిన ఆర్‌ఎన్‌ఏ చేరిన చోట పని చేస్తోందన్నమాట. మరుసటి ఏడాది యోహాన్ స్కోగ్ వాళ్లు గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితి మీద ఇదే దారిలో వెళ్లారు. మామూలు కణాల్లో ఉండని, కణితిలో కనిపించే ఈజీఎఫ్‌ఆర్-వీ3 అనే జన్యు మార్పు తాలూకు ఆర్‌ఎన్‌ఏ, 25 మంది రోగుల్లో 7 మంది సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) బుడగల్లో దొరికింది. పుర్రె తెరవకుండా మెదడు కణితి జన్యువు గురించి రక్తంలోంచి తెలుసుకోవడం అప్పటికి పెద్ద విషయం.

ఆ తర్వాత వరస కట్టాయి. రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్సోసోముల్లో పంపే మిర్-105, రక్తనాళం గోడలోని కణాలను అతికించి ఉంచే జడ్‌ఓ-1 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని 2014లో వచ్చింది. అతుకు వదులైతే క్యాన్సర్ కణం నాళం గోడ దాటడం తేలికవుతుంది. 2015లో మిర్-122 గురించి వచ్చింది. అది వెళ్లిన చోట మామూలు కణాలు గ్లూకోజు తక్కువ వాడేలా చేసి, తర్వాత రాబోయే క్యాన్సర్ కణాలకు దాన్ని మిగిల్చి ఉంచుతుంది. అదే ఏడాది మరో పేపరు తలకిందులుగా చూపించింది: మెదడుకు చేరిన క్యాన్సర్ కణాలకు మెదడులో నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్లే మైక్రోఆర్‌ఎన్‌ఏ పంపి, వాటిలో కణితిని అదుపు చేసే పీటెన్ అనే జన్యువును నోరు మూయిస్తున్నాయట. సంకేతాలు క్యాన్సర్ నుంచి మాత్రమే రావు, మన మామూలు కణాలే తెలియక సాయం చేస్తాయని ఈ పేపరు చెబుతుంది. నాకు వీటిల్లో బాగా నచ్చింది ఇదే.

ఇదంతా చదివితే క్యాన్సర్ కణాలు ఒంటినిండా ఉత్తరాలు పంపుకుంటున్నాయని అనిపిస్తుంది. మరి లెక్క వేసి చూస్తే? తివారీ ల్యాబ్‌వాళ్లే 2014లో ఆ లెక్క వేశారు. ఎక్సోసోముల సంఖ్యనూ, వాటిలోని మైక్రోఆర్‌ఎన్‌ఏ ప్రతుల సంఖ్యనూ విడివిడిగా కొలిచి భాగించారు. బాగా ఎక్కువగా ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏ కూడా సగటున వంద బుడగలకు ఒక్క ప్రతికి మించి లేదు. అంటే ఎక్కువ బుడగలు ఆ సరుకు విషయంలో ఖాళీ. మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక కణంలో తన పని తాను గట్టిగా చేయాలంటే వందలు, వేలల్లో ప్రతులుండాలి. పైగా కణం లోపలికి వెళ్లిన బుడగ చాలాసార్లు జీర్ణ సంచిలో చేరి అక్కడే అరిగిపోతుంది. ఆ సంచిని దాటి బయటపడితేనే ఆర్‌ఎన్‌ఏకు పని దొరుకుతుంది.

అలాగని పై ప్రయోగాలు తప్పని నేను అనను. కణితి పక్కనే, మిల్లీమీటరులో చిన్న వంతు దూరంలో, బుడగల సాంద్రత రక్తంలో కంటే చాలా ఎక్కువ. రోజుల తరబడి అందుతూ ఉంటే కొద్దికొద్దిగా పోగుపడొచ్చు. కొన్ని బుడగల్లో మాత్రమే సరుకు దట్టంగా ఉండొచ్చు. ఏ ఆర్‌ఎన్‌ఏను బుడగలోకి ఎక్కించాలో ఎంచుకునే ప్రోటీన్లు ఉన్నాయని కూడా తెలుసు, వైబీఎక్స్-1 వాటిలో ఒకటి. కానీ గిన్నెలో పెంచిన కణాల మీద, సహజంగా ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ బుడగలు పోసి చూపించిన ఫలితాన్ని మనిషి ఒంట్లో జరిగేదానితో సమానం చేయకూడదు. ఇంకో చిక్కుంది, బయటివాళ్లకు తెలియదు. కణాలను పెంచడానికి వాడే దూడ పిండం సీరంలోనే ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. చాలా మైక్రోఆర్‌ఎన్‌ఏలు పశువుకూ మనిషికీ అక్షరం తేడా లేకుండా ఒకటే. కణం వదిలిందనుకున్నది ఒక్కోసారి సీసాలోంచి వచ్చినదే అయ్యుంటుంది. ఆ పోలిక చూడని పేపరును నేను పక్కన పెట్టేస్తాను.

ప్రతుల లెక్క అడ్డురాని దారి ఇంకొకటి ఉంది. నా అంచనాలో బయటి ఆర్‌ఎన్‌ఏ అసలు బలం అక్కడే ఉంది. మన కణాల్లో వైరసు ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే గ్రాహకాలుంటాయి: టీఎల్‌ఆర్-3, టీఎల్‌ఆర్-7, టీఎల్‌ఆర్-8, రిగ్-ఐ లాంటివి. వాటికి జన్యువును అణచడానికి కావలసినన్ని ప్రతులు అక్కర్లేదు. కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ తగిలినా అవి పెద్ద గొలుసు చర్యను మొదలుపెడతాయి. పైగా కొన్ని గ్రాహకాలు ఉండేది ఆ జీర్ణ సంచిలోనే, కాబట్టి ఆర్‌ఎన్‌ఏ అక్కడి నుంచి తప్పించుకోవాల్సిన పని కూడా లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల ఎక్సోసోముల్లోని మిర్-21, మిర్-29ఏ ఇలాగే మనిషిలో టీఎల్‌ఆర్-8ను తట్టి, మ్యాక్రోఫేజులు అనే రోగనిరోధక కణాలు వాపు కలిగించే పదార్థాలు వదిలేలా చేస్తాయని ఫాబ్రి, క్రోచే బృందం 2012లో చెప్పింది. ఇక్కడ మైక్రోఆర్‌ఎన్‌ఏ తన మామూలు ఉద్యోగం చేయడం లేదు, కేవలం అలారం మోగిస్తోంది.

2017లో వచ్చిన ఆర్‌ఎన్7ఎస్ఎల్1 కథ దీనికి ఇంకా మంచి ఉదాహరణ. ఇది ప్రతి కణంలోనూ పుష్కలంగా ఉండే ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లను సరైన చోటికి చేర్చే యంత్రంలో భాగం. మామూలుగా దానికి కొన్ని ప్రోటీన్లు తొడుగులా చుట్టుకుని ఉంటాయి, అందుకే కణం దాన్ని చూసి కంగారుపడదు. రొమ్ము క్యాన్సర్ కణాలు పక్కనున్న ఫైబ్రోబ్లాస్టులను (కణజాలాన్ని నిలబెట్టే మామూలు కణాలను) తాకినప్పుడు ఆ ఫైబ్రోబ్లాస్టుల్లో ఈ ఆర్‌ఎన్‌ఏ ఉత్పత్తి పెరిగిపోతుంది, తొడుగు వేసే ప్రోటీన్లు చాలవు. తొడుగు లేని ఆర్‌ఎన్7ఎస్ఎల్1 ఎక్సోసోముల్లో ఎక్కి క్యాన్సర్ కణాలకు చేరుతుంది. అక్కడ రిగ్-ఐ దాన్ని వైరసు అనుకుంటుంది. వైరసు మీద జరగాల్సిన స్పందన మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే దానివల్ల క్యాన్సర్ కణం చావదు. ఇంకా బాగా పెరుగుతుంది, పాకుతుంది, చికిత్సను తట్టుకుంటుంది. ఒకే ఆర్‌ఎన్‌ఏ, ఒకే అక్షరాలు. తొడుగు ఉంటే మౌనం, లేకపోతే కల్లోలం. పైన నేను 'ఏ రక్షణలో ఉంది' అన్నది ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది.

కాబట్టి రెండో ప్రశ్నకు నా జవాబు: అవును, బయటి ఆర్‌ఎన్‌ఏ సంకేతాలు మోస్తుంది, ముఖ్యంగా దగ్గరి దూరాల్లో, ముఖ్యంగా రోగనిరోధక గ్రాహకాల ద్వారా. దూరపు అవయవాలకు ఒక్క మైక్రోఆర్‌ఎన్‌ఏ ఆజ్ఞలు పంపి క్యాన్సర్‌ను నడిపిస్తుందని ఎవరైనా చెబితే మాత్రం 'ఎన్ని ప్రతులు?' అని అడగండి.

ఇప్పుడు చాలామంది తడబడే చోటుకు వచ్చాం. సంకేతంగా పనిచేయడం వేరు, పరీక్షలో గుర్తుగా పనికిరావడం వేరు. కణితి పక్కన గొప్ప పని చేసే ఆర్‌ఎన్‌ఏ రక్తంలోకి వచ్చేసరికి కనిపించనంత పలచబడిపోవచ్చు. ఏ పనీ చేయని చచ్చు ముక్క ఒకటి, ఆ కణితి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు గనక, బ్రహ్మాండమైన గుర్తు కావచ్చు. 'ఈ ఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్‌ను పెంచుతుంది, కాబట్టి రక్తంలో దీన్ని కొలిస్తే క్యాన్సర్ తెలుస్తుంది' అన్న తర్కం ప్రకటనల్లో బాగా అమ్ముడుపోతుంది గానీ ల్యాబ్‌లో నిలవదు.

డీఎన్ఏ ఉండగా ఆర్‌ఎన్‌ఏ మీద ఆశ ఎందుకు అంటే కారణం ఉంది. రక్తంలో కణితి డీఎన్ఏను వెతికే పరీక్షలు ఎక్కువగా మ్యుటేషన్లనో (అక్షరాల మార్పులనో), డీఎన్ఏకు అంటుకుని ఉండే మిథైల్ అనే రసాయన గుర్తులనో చూస్తాయి. ఒక కణం నుంచి ఒక జన్యువుకు మామూలుగా రెండే ప్రతులు దొరుకుతాయి. అదే జన్యువు గట్టిగా పనిచేస్తుంటే దాని ఆర్‌ఎన్‌ఏ వందలు, వేల ప్రతులుండొచ్చు. పైగా ఏ ఆర్‌ఎన్‌ఏ ఉంది అన్నదాన్ని బట్టి అది ఏ అవయవపు కణమో, ఇప్పుడు ఏం చేస్తోందో కూడా కొంత తెలుస్తుంది. మ్యుటేషన్ లేకుండానే మందుకు లొంగని స్థితికి మారిన కణితిని డీఎన్ఏ చూపించలేదు, ఆర్‌ఎన్‌ఏ చూపించే అవకాశం ఉంది.

అడ్డు ఎక్కడంటే, రక్తంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏలో అత్యధిక భాగం రక్తకణాలదే. ప్లేట్‌లెట్లు, ఎర్ర కణాలు, తెల్ల కణాలు, వాటిని తయారుచేసే మజ్జ. కిక్కిరిసిన హాల్లో ఒక మూల నుంచి వచ్చే గుసగుసను పట్టుకోవాల్సిన పని ఇది. ప్రిచర్డ్, తివారీ వాళ్లు 2012లో అప్పటిదాకా ఘన కణితులకు గుర్తులని ప్రచురితమైన 79 మైక్రోఆర్‌ఎన్‌ఏలను తీసుకుని చూశారు. అందులో 46, అంటే సగానికి పైగా, ఏదో ఒక రక్తకణంలో దండిగా ఉండేవే. రక్తకణాల సంఖ్య మారినా, ట్యూబులో ఎర్ర కణాలు పగిలినా వాటి కొలత 50 రెట్ల దాకా మారిపోగలదని చూపించారు. ఈ రంగంలోకి వచ్చే కుర్రాళ్లకు నేను మొదట చదవమని ఇచ్చే పేపరు ఇదే.

సూది గుచ్చడం కష్టమై రక్తం మెల్లగా వచ్చినా, ట్యూబు బాగా కుదిపినా ఎర్ర కణాలు పగులుతాయి. కంటికి ప్లాస్మా పసుపుగానే కనిపించవచ్చు, అప్పటికే మిర్-451ఏ, మిర్-16 గుమ్మరించినట్టు వచ్చేసి ఉంటాయి. అందుకే ల్యాబ్‌లో 414 నానోమీటర్ల దగ్గర హీమోగ్లోబిన్ శోషణ చూస్తాం. లేదంటే ఎర్ర కణాల్లో ఉండే మిర్-451ఏనూ, పగిలినా పెద్దగా మారని మిర్-23ఏనూ పోల్చి చూస్తాం. ప్రతులు పెంచుతూ కొలిచే పీసీఆర్ పద్ధతిలో ఈ రెండింటి మధ్య తేడా 7 సైకిళ్లు దాటితే ఆ శాంపిల్ మీద అనుమానమే. ప్లేట్‌లెట్లది ఇంకో తలనొప్పి. సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఒకే ఒక్కసారి నెమ్మదిగా తిప్పిన ప్లాస్మాలో అవి చాలానే మిగిలిపోతాయి. దాన్ని అలాగే ఫ్రీజర్లో పెడితే పగిలి, లోపలి సరుకంతా ప్లాస్మాలో కలుస్తుంది. రెండోసారి వేగంగా తిప్పి వాటిని తీసేయాలి. సీరం అయితే గడ్డకట్టేటప్పుడే ప్లేట్‌లెట్లు తమవి వదులుతాయి. ట్యూబులో హెపారిన్ ఉంటే పీసీఆర్ మొరాయిస్తుంది.

ఇంకా దారుణం ఏమిటంటే, ఆసుపత్రిలో రోగుల రక్తం ఒక పద్ధతిలో, ఆరోగ్యవంతులైన వాలంటీర్ల రక్తం ఇంకో చోట ఇంకో పద్ధతిలో తీస్తారు. ఆ తేడానే క్యాన్సర్ తేడాలా కనిపిస్తుంది. ఒకే క్యాన్సర్‌కు పది బృందాలు పది వేర్వేరు మైక్రోఆర్‌ఎన్‌ఏ జాబితాలు ప్రకటించడం వెనక ఇది చాలావరకు ఉంది. ప్లేట్‌లెట్లలోని ఆర్‌ఎన్‌ఏనే గుర్తుగా వాడదామనే ప్రయత్నమూ ఉంది, కణితి వాటి ఆర్‌ఎన్‌ఏను మార్చేస్తుందని 2015లో వచ్చింది. ఆలోచన బాగుంది, కానీ పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికి రెట్టింపు వర్తిస్తాయి.

మరి పనిచేసేవి లేవా? ఉన్నాయి. వాటిని గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది: ఆ ఆర్‌ఎన్‌ఏ రక్తకణాల్లో ఉండనిదైనా అయ్యుండాలి, కణితికి దగ్గరి ద్రవంలోంచైనా తీసినదై ఉండాలి.

మొదటి రకానికి నా దృష్టిలో అన్నింటికంటే గట్టి ఉదాహరణ వృషణాల జెర్మ్ సెల్ కణితులకు (వీర్యకణాలకు మూలమైన కణాల నుంచి వచ్చేవాటికి) మిర్-371ఏ-3పీ. ఇది పిండ దశలోని కణాల్లో ఉండేది, పెద్దవాళ్ల రక్తకణాల్లో దాదాపు ఉండదు. 2019లో జర్మనీ నుంచి డీక్‌మన్ బృందం ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఇది 90 శాతం కణితులను పట్టుకుంది, కణితి లేనివాళ్లలో 94 శాతం మందిని సరిగ్గానే లేదని తేల్చింది. రక్తంలో కొలిచే పాత ప్రోటీన్ గుర్తులైన ఏఎఫ్‌పీ, బీటా-హెచ్‌సీజీ ఆ దరిదాపుల్లో లేవు. కణితి తీసేశాక దీని స్థాయి వేగంగా పడిపోతుంది, తిరగబెడితే లేస్తుంది. ఒక్క లోపం: టెరటోమా అనే రకాన్ని ఇది చూడలేదు, ఎందుకంటే ఆ కణాలు ఈ ఆర్‌ఎన్‌ఏను చేయవు.

రెండో రకానికి మూత్రం, మలం. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో విపరీతంగా తయారయ్యే పీసీఏ3 అనే ఆర్‌ఎన్‌ఏను మూత్రంలో కొలిచే పరీక్షకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో అనుమతి ఇచ్చింది. పీసీఏ3తో పాటు ఈఆర్‌జీ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏనూ మూత్రంలోని ఎక్సోసోముల నుంచి చూసే ఎక్సోడీఎక్స్ అనే పరీక్ష తర్వాత వచ్చింది. పీఎస్ఏ (రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్) కాస్త ఎక్కువున్నవాళ్లలో బయాప్సీ అవసరమా కాదా అని నిర్ణయించడానికి అది సాయపడుతుంది. క్యాన్సర్ ఉందని తేల్చడం దాని పని కాదు, గమనించండి. మలంలోని ఆర్‌ఎన్‌ఏ చూసే కోలోసెన్స్ అనే పరీక్షకు 2024లో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. 45 ఏళ్లు దాటినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్‌కు ఉద్దేశించినది అది. 2023లో ప్రచురించిన ట్రయల్లో అది సుమారు 94 శాతం క్యాన్సర్లను పట్టుకుంది. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పెద్ద పాలిప్స్‌లో (పేగు లోపలి పొర మీద పెరిగే బుడిపెల్లో) మాత్రం సగం కూడా పట్టుకోలేదు, సుమారు 46 శాతం. అది కూడా ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కాదు, మలంలో రక్తం ఉందో లేదో చూసే పాత పరీక్షను, పొగతాగే అలవాటును కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

రక్తంలోనే, ఏ కణితినైనా, తొలి దశలోనే పట్టుకోవాలన్న కల మాత్రం ఇంకా దూరంలో ఉంది. ఈ మధ్య దారి సరైనది అనిపించిన పరిశోధన స్టాన్‌ఫర్డ్ నుంచి 2025లో వచ్చిన రేర్-సీక్. వాళ్లు రక్తకణాల్లో ఎక్కువగా ఉండే జన్యువులను ముందే పక్కనపెట్టి, అక్కడ అరుదుగా ఉండేవాటినే ఏరి చదివారు. ప్లేట్‌లెట్ల కల్తీని లెక్కించి తీసేశారు. అంత జాగ్రత్త పడ్డాక కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్లో నాలుగో దశ రోగుల్లో 83 శాతం మందిలో సంకేతం దొరికితే, మొదటి దశలో 30 శాతం మందిలోనే దొరికింది. మొదటి దశ రోగులు 20 మందే ఉన్నారు కూడా. ముదిరినదాన్ని రక్తంలో చూడడం, ముందుగా చూడడం ఒకటి కావు.

దీనికి స్క్రీనింగ్ లెక్క కూడా తోడవుతుంది. ఉదాహరణకు 10,000 మందిలో 50 మందికి తెలియని క్యాన్సర్ ఉందనుకోండి. ఒక పరీక్ష 90 శాతం క్యాన్సర్లను పట్టుకుంటుంది, లేనివాళ్లలో 99 శాతం మందికి లేదనే చెబుతుంది. వినడానికి అద్భుతం. కానీ 45 మంది నిజమైన రోగులతో పాటు దాదాపు 100 మంది ఏమీ లేనివాళ్లకు 'పాజిటివ్' వస్తుంది. స్పెసిఫిసిటీ, అంటే లేనివాళ్లకు లేదనే చెప్పే శాతం, 90 మాత్రమే అయితే ఆ వంద కాస్తా దాదాపు వెయ్యి అవుతుంది. స్కాన్లు, బయాప్సీలు, నిద్రలేని రాత్రులు, అన్నీ వాళ్లకే. లక్షణాలున్న రోగి కోసం డాక్టర్ అడిగే పరీక్షకూ, ఏమీ లేని మనిషి ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్షకూ అదే అంకె వేర్వేరు అర్థాలు ఇస్తుంది.

ఇప్పుడు మీ మేనమామగారి రిపోర్టు దగ్గరికి. మిర్-21 రొమ్ము, ఊపిరితిత్తులు, పేగు, పాంక్రియాస్, ఇలా ఎన్నో క్యాన్సర్లలో పెరుగుతుందని రాసిన పేపర్లు కొల్లలు. అన్ని క్యాన్సర్లలో పెరిగేది ఏ క్యాన్సరో చెప్పలేదు. అంతకంటే ముఖ్యంగా, గుండె కండరం, కిడ్నీ గట్టిపడే జబ్బుల్లోనూ, రకరకాల వాపుల్లోనూ అది పెరుగుతుంది. రక్తకణాల్లోనూ మామూలుగానే ఉంటుంది. ఆ రోజు జలుబు చేసి ఉన్నా, శాంపిల్ కొరియర్లో ఒక పూట ఆలస్యమైనా ఆ అంకె కదిలే అవకాశం ఉంది. 'ఎక్కువ' అని దేనితో పోల్చి రాశారన్నది కూడా చూడాలి. మైక్రోఆర్‌ఎన్‌ఏ కొలతలు ఎక్కువగా ఇంకో ఆర్‌ఎన్‌ఏతో పోల్చిన నిష్పత్తులు. చాలా ల్యాబ్‌లు ఆ పోలికకు మిర్-16 వాడతాయి. ఎర్ర కణాలు పగిలితే పెరిగేది అదే కదా, ఇక నిష్పత్తి ఏమవుతుందో మీరే ఊహించండి.

ల్యాబ్‌వాళ్లను అడగదలిస్తే ఇవి అడగండి. శాంపిల్లో ఎర్ర కణాలు పగిలాయో లేదో కొలిచారా, ఆ కొలత ఎంత? దేనితో పోల్చి లెక్కగట్టారు? 'ఎక్కువ' అనే గీత ఎక్కడ గీశారు, ఆ గీతను మొదట గీసినవాళ్ల మీద కాకుండా వేరే ఆసుపత్రుల రోగుల మీద పరీక్షించారా? వాళ్ల వయసువాళ్లలో, ఏ జబ్బూ లేనివాళ్లలో ఎంతమందికి ఇలాగే వస్తుంది? సూటిగా జవాబు చెప్పే ల్యాబ్ ఉంటే మంచిదే. బ్రోషరు చేతిలో పెడితే జవాబు లేదని అర్థం.

ఇంకో ల్యాబ్‌లో అదే పరీక్ష మళ్లీ చేయించాలని మీరు రాశారు. దానివల్ల లాభం లేదు. ట్యూబు, కిట్, పోల్చే ఆర్‌ఎన్‌ఏ, గీత అన్నీ మారతాయి. తగ్గి వస్తే ఊరట, పెరిగి వస్తే భయం, రెండూ ఆధారం లేనివే. దాని బదులు ఆ కాగితం తీసుకుని ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కారణం తెలియకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, తగ్గని దగ్గు, మింగడంలో ఇబ్బంది, కొత్తగా తగిలే గడ్డ లాంటివి ఏమైనా ఉంటే ఈ రిపోర్టు నార్మల్ వచ్చినా సరే చూపించాల్సిందే. అవేమీ లేకపోతే ఆయన వయసుకు వర్తించే మామూలు స్క్రీనింగ్ బాకీ ఉందేమో అడగండి: పెద్దపేగుకు మలపరీక్షో కొలనోస్కోపీయో, ఏళ్ల తరబడి బాగా పొగతాగినవాళ్లకైతే తక్కువ మోతాదు సీటీ. ప్రోస్టేట్‌కు పీఎస్ఏ చేయించాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. ఈ పరీక్షలకు లోపాలున్నాయి, కానీ ఆ లోపాలు ఎంతెంతో వేలమంది మీద కొలిచి ఉన్నాయి.

రిపోర్టులో మిర్-21 ఒక్కటే కాక మిగతా పేర్లు కూడా ఉంటే, వ్యక్తిగత వివరాలు చెరిపేసి వాటి పేర్లు, వాడిన ట్యూబు రకం, శాంపిల్ తీసిన టైము, ల్యాబ్‌లో తిప్పిన టైము ఇక్కడ రాయండి. వాటిలో రక్తకణాల నుంచి వచ్చేవి ఎన్నో చూసి చెబుతాను.